హిందూ మహాసముద్రం, రుతుపవనాలు, ప్రాంతీయ సహకారం: ఈ టాపిక్ నేను చదివిన తీరు

సివిల్స్‌కి, గ్రూప్-1కి ప్రిపేర్ అవుతున్న మిత్రులందరికీ నమస్తే. నా ఆప్షనల్ జాగ్రఫీ. సముద్ర పరిశీలన, వాతావరణ అంచనాల్లో దేశాల మధ్య సహకారం అనే టాపిక్ గురించి జూనియర్లు తరచూ అడుగుతున్నారు కాబట్టి నేను చదివిన పద్ధతి మొత్తం ఇక్కడ రాస్తున్నాను. మార్కెట్లో ఏ కరెంట్ అఫైర్స్ మెటీరియల్ తెరిచినా ఇది ఒక పట్టికలా కనిపిస్తుంది. సంస్థ పేరు, పెట్టిన సంవత్సరం, ప్రధాన కార్యాలయం, సభ్య దేశాలు, అంతే. దాన్ని బట్టీ పడితే పరీక్ష హాల్లో రైమ్స్ (విపత్తుల ముందస్తు హెచ్చరికల ప్రాంతీయ సంస్థ) థాయిలాండ్‌లో ఉందా మారిషస్‌లో ఉందా అన్న టెన్షన్ తప్ప ఏమీ మిగలదు, మెయిన్స్‌లో అయితే అసలు పనికే రాదు. నేను ప్రతి సంస్థ దగ్గరా ఒకే ప్రశ్న వేసుకున్నాను: ఇది లేనప్పుడు ఎవరికి ఏ సమాచారం అందలేదు, దానివల్ల ఏం జరిగింది?

ముందు సైన్స్ చదవండి, సంస్థలు తర్వాత. నైరుతి రుతుపవనాలు దక్షిణార్ధగోళంలో మాస్కరీన్ దీవుల దగ్గరున్న అధిక పీడన ప్రాంతం నుంచి బయల్దేరి, భూమధ్యరేఖ దాటి, సోమాలియా తీరం పక్కగా అరేబియా సముద్రం మీదుగా కేరళకి చేరతాయి. అంటే అనంతపురంలో వేరుశనగ వేసే రైతు ఈ ఏడాది విత్తనం ఎప్పుడు వేయాలో తేల్చే సమాచారంలో పెద్ద భాగం మారిషస్, మడగాస్కర్, సోమాలియా, ఇండోనేషియాల చుట్టూ ఉన్న నీళ్ళలో ఉంది. ఆ నీళ్ళన్నిటినీ తన ఓడలతో, తన డబ్బుతో కొలవడం ఏ ఒక్క దేశానికీ సాధ్యం కాదు. ఈ టాపిక్ మీద మీరు రాసే ప్రతి జవాబుకీ మూలం ఇదే. చాలామంది దౌత్యంతో మొదలుపెట్టి సైన్స్‌ని చివర్లో ఒక వాక్యంలో ముగిస్తారు, నా దృష్టిలో అది తలకిందులు.

కొంచెం చరిత్ర కూడా అవసరం. 1875లో ఐఎండీ (భారత వాతావరణ శాఖ) మొదలయ్యాక దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫర్డ్ హిమాలయాల మీద పడిన మంచుని బట్టి వానల్ని అంచనా కట్టడానికి ప్రయత్నించాడు. 1904 నుంచి 1924 దాకా ఐఎండీని నడిపిన గిల్బర్ట్ వాకర్ ఇంకా ముందుకెళ్ళి, ప్రపంచంలో ఎక్కడెక్కడి పీడనాల లెక్కలో అన్నీ పోగేసి, పసిఫిక్ వైపు పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, ఇది అటూ ఇటూ ఊగుతుంటుందని కనిపెట్టాడు. అదే సదరన్ ఆసిలేషన్. ఆ పనికి పురిగొల్పినవి 1877, 1899 కరువులు. పక్క దేశాల కొలతలు లేకుండా మన వానల గుట్టు తెలియదన్న సంగతి అప్పుడే రుజువైపోయింది.

ఇక్కడి నుంచి కథ పసిఫిక్‌కి మారుతుంది, దాన్ని వదిలేయకండి. 1982-83లో చాలా పెద్ద ఎల్‌నినో (పసిఫిక్ మధ్య, తూర్పు భాగాల్లో నీళ్ళు మామూలుకన్నా వేడెక్కడం, మన రుతుపవనాల్ని ఇది చాలాసార్లు దెబ్బతీస్తుంది) వచ్చింది, కానీ అది బాగా ముదిరేదాకా శాస్త్రవేత్తలు స్పష్టంగా గుర్తించలేకపోయారు. ఆ దెబ్బతో పసిఫిక్‌లో భూమధ్యరేఖ పొడవునా సుమారు 70 బోయ్‌లు (నీటి మీద తేలుతూ గాలిని, సముద్రాన్ని కొలిచే పరికరాలు) లంగరేసి నిలబెట్టారు, 1994 చివరికి ఆ వరస పూర్తయింది. అట్లాంటిక్‌లో ఫ్రాన్స్, బ్రెజిల్, అమెరికా కలిసి 1997లో అలాంటి పనే మొదలుపెట్టాయి. హిందూ మహాసముద్రం మాత్రం అప్పటికీ దాదాపు ఖాళీగానే ఉంది. ఇంతమంది వాన మీద ఆధారపడి బతికే ప్రాంతంలోనే కొలతలు అన్నిటికన్నా తక్కువగా ఉన్నాయన్న విషయం చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది, ఆ బాధ వల్లే ఈ టాపిక్‌ని నేను మళ్ళీ మర్చిపోలేదు.

1997లో ఎల్‌నినో మళ్ళీ విరుచుకుపడింది. కరువు తప్పదనుకుంటే దేశంలో వర్షపాతం దీర్ఘకాల సగటులో 102 శాతం వచ్చింది. ఎందుకు? రెండేళ్ళ తర్వాత, 1999లో, సాజీ, గోస్వామి, వినయచంద్రన్, యమగాటా అనే నలుగురు, అంటే ముగ్గురు భారతీయులు, ఒక జపాన్ శాస్త్రవేత్త కలిసి రాసిన పరిశోధనా పత్రం హిందూ మహాసముద్ర డైపోల్‌ని, అంటే ఐఓడీని ప్రపంచం ముందు పెట్టింది. ఆఫ్రికా వైపు నీళ్ళు మామూలుకన్నా వేడెక్కి, సుమత్రా వైపు చల్లబడితే అది పాజిటివ్ ఐఓడీ. అప్పుడు తూర్పు ఆఫ్రికాలో వానలు ఎక్కువ, ఇండోనేషియా, ఆస్ట్రేలియాల్లో ఎండ ఎక్కువ, మన రుతుపవనాలకి చాలాసార్లు మేలు. 1997లో మనల్ని ఆదుకున్నది ఇదే. 2017 ప్రిలిమ్స్‌లో దీని మీద ప్రశ్న అడిగారు. మొదటి వాక్యంలో తూర్పు హిందూ మహాసముద్రం ఉండాల్సిన చోట తూర్పు పసిఫిక్ అని మార్చి ఇచ్చారు. మ్యాప్ మీద వేలు పెట్టి చదివినవాళ్ళకి అది ఒక్క క్షణం పని, నిర్వచనం బట్టీ పట్టినవాళ్ళకి మాత్రం గందరగోళం.

ఐఓడీ వస్తే చాలు వానలు పడతాయని మాత్రం రాయకండి. 2019లో బలమైన పాజిటివ్ ఐఓడీ ఉంది, మన దగ్గర వర్షపాతం 110 శాతం, తూర్పు ఆఫ్రికాలో వరదలు, ఆస్ట్రేలియాలో భయంకరమైన కార్చిచ్చులు. 2023లో కూడా పాజిటివ్ ఐఓడీ వచ్చింది, కానీ ఆలస్యంగా. ఈలోగా ఎల్‌నినో దెబ్బకి ఆ ఆగస్టు 1901 నుంచి ఉన్న రికార్డుల్లోనే అతి తక్కువ వాన పడిన ఆగస్టుగా మిగిలింది, సీజన్ మొత్తానికి 94 శాతం దగ్గర ఆగింది. ఈ రెండేళ్ళనీ పక్కపక్కన పెట్టి రాస్తే జవాబు బరువే మారుతుంది.

2020 ప్రిలిమ్స్‌లో సముద్ర సగటు ఉష్ణోగ్రత గురించి అడిగారు గుర్తుందా? 26 డిగ్రీల వేడి ఉండే లోతు దాకా నీటి సగటు ఉష్ణోగ్రత తీసుకుంటే వచ్చే రుతుపవనాల గురించి ఒక సూచన దొరుకుతుంది అన్నది అందులోని విషయం. ఉపరితలం వేడిని ఉపగ్రహం చూడగలదు, కింద దాగిన వేడిని చూడలేదు. దానికోసమే ఆర్గో ఫ్లోట్లు. మనిషంత ఎత్తుండే ఈ గొట్టంలాంటి పరికరం వెయ్యి మీటర్ల లోతులో ప్రవాహంతోపాటు కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వచ్చేటప్పుడు ఉష్ణోగ్రత, లవణీయత కొలుచుకుంటూ వచ్చి, ఉపగ్రహానికి ఆ లెక్క పంపి మళ్ళీ మునిగిపోతుంది. 2007 నవంబరులో వీటి సంఖ్య మూడు వేలు దాటింది, ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద నాలుగు వేల దగ్గర ఉన్నాయి. ఏ దేశం వదిలినా డేటా అందరికీ ఉచితం. హిందూ మహాసముద్రానికి సంబంధించి ఆర్గో ప్రాంతీయ కేంద్రం మన హైదరాబాద్ ప్రగతి నగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). ఆ దారిన బస్సులో వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

హిందూ మహాసముద్రంలో లంగరేసిన బోయ్‌ల వరస పేరు రామా. ఆఫ్రికా, ఆసియా, ఆస్ట్రేలియా రుతుపవనాల్ని అర్థం చేసుకోవడానికి 2004లో మొదలైంది, మొదటి ప్రణాళికలో 46 చోట్ల బోయ్‌లు పెట్టాలనుకున్నారు. 2008లో మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ఒప్పందం చేసుకున్నాయి. జపాన్, ఇండోనేషియా, మరికొన్ని దేశాలు ఓడలు, పరికరాలు ఇచ్చాయి. మన వైపు నీళ్ళలో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ పెట్టిన ఓమ్ని బోయ్‌లు దీనికి తోడు.

ఇవన్నీ బంగాళాఖాతానికి ఎందుకంత ముఖ్యం? గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మన గోదావరి, కృష్ణ అన్నీ మంచినీళ్ళు తెచ్చి పోయడంతో పైన ఉప్పు తక్కువైన తేలిక పొర ఏర్పడి కింది చల్లని నీటితో కలవదు. అందుకే పైన వేడి 28 డిగ్రీల పైనే నిలిచి ఉంటుంది, తుఫాన్లకి ఇంధనం అదే. 2014 మెయిన్స్‌లో ఉష్ణమండల తుఫాన్లు దక్షిణ చైనా సముద్రం, బంగాళాఖాతం, గల్ఫ్ ఆఫ్ మెక్సికోల్లోనే ఎందుకు ఎక్కువని అడిగారు. ఆ ప్రశ్నకి ఈ ఉప్పు సంగతి రాసేవాళ్ళు తక్కువ, రాస్తే మీ పేపర్ వేరుగా కనిపిస్తుంది.

సునామీ భాగానికి ఎక్కువ టైం ఇవ్వండి, ఎందుకంటే సహకారం లేకపోతే ఏమవుతుందో ఇంత స్పష్టంగా చెప్పే ఉదాహరణ మరొకటి లేదు. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. అలలు మన తూర్పు తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టింది. రెండు గంటలు! పసిఫిక్ దేశాలకి 1965 నుంచే ఉమ్మడి హెచ్చరిక వ్యవస్థ ఉంది, మనకి లేదు. 14 దేశాల్లో రెండు లక్షల ఇరవై వేలమందికి పైగా చనిపోయారు. 2007 అక్టోబరులో ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది, 2011 నుంచి భారత్, ఆస్ట్రేలియా, ఇండోనేషియా మూడూ కలిసి హిందూ మహాసముద్ర దేశాలకి హెచ్చరికలు ఇస్తున్నాయి. 2012 ఏప్రిల్‌లో సుమత్రా దగ్గరే 8.6 తీవ్రతతో మళ్ళీ భూమి కంపించింది, అయితే భూమి పలకలు పక్కకి జరిగాయి గానీ సముద్రపు నేల పైకి లేవలేదు, పెద్ద అలలు రాలేదు. 2017 మెయిన్స్‌లో 2004 సునామీ మీద నేరుగా ప్రశ్న వచ్చింది. అలాంటిదానికి ఒడిశా ఉదాహరణ కూడా వాడండి: వెంకట్రాయిపూర్, నోలియాసాహి అనే రెండు ఊళ్ళు 2020లో యునెస్కో సముద్ర విభాగం నుంచి సునామీకి సిద్ధంగా ఉన్న గ్రామాలుగా గుర్తింపు పొందాయి, హిందూ మహాసముద్ర ప్రాంతంలో అవే మొదటివి. నోలియాలంటే ఒడిశా తీరంలో తెలుగు మూలాలున్న మత్స్యకారులు. హెచ్చరిక ఢిల్లీ నుంచి వచ్చినా హైదరాబాద్ నుంచి వచ్చినా చివరికి చేరాల్సింది అలాంటి ఊళ్ళకే కదా.

తుఫాన్ల విషయానికొస్తే, 1970లో భోలా తుఫాను ఇప్పటి బంగ్లాదేశ్‌లో మూడు లక్షలమందికి పైగా ప్రాణాలు తీసింది. 1972లో ప్రపంచ వాతావరణ సంస్థ, ఐరాస ఆసియా పసిఫిక్ కమిషన్ కలిసి తుఫాన్ల ప్యానెల్ ఏర్పాటు చేశాయి. ఇప్పుడు అందులో 13 దేశాలున్నాయి. ప్యానెల్ పెట్టిన ఐదేళ్ళకే దివిసీమ ఉప్పెన వచ్చింది, అంటే కమిటీ ఉండటం వేరు, రాడార్లు, ఉపగ్రహాలు, ఊరి దాకా చేరే కబురు ఉండటం వేరు. 2013 మెయిన్స్‌లో ఫైలిన్ తుఫాన్ని చూపించి పేర్లు ఎలా పెడతారని అడిగారు. మన వైపు తుఫాన్లకి పేర్లు ఈ ప్యానెల్ దేశాలే ఇస్తాయి. హుద్‌హుద్ ఒమన్ ఇచ్చిన పేరు, తిత్లీ పాకిస్తాన్ ఇచ్చింది, మిచౌంగ్ మయన్మార్ ఇచ్చింది, 2020లో విడుదలైన కొత్త జాబితాలో 169 పేర్లున్నాయి. ఇవి గుర్తుపెట్టుకోవడం సులువే, కానీ అసలు విషయం ఢిల్లీలోని ప్రాంతీయ కేంద్రం ఈ 13 దేశాలకీ తుఫాను సమాచారం ఇస్తుందన్నది. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సమావేశం 2014 తర్వాత జరగనే లేదు, అయినా అరేబియా సముద్రంలో తుఫాను లేస్తే ఆ సమాచారం కరాచీకి కూడా వెళ్తుంది. నాకు ఈ టాపిక్ మొత్తంలో ఎక్కువ నచ్చిన వాస్తవం ఇదే.

మిగతావి క్లుప్తంగా చాలు. రైమ్స్ సునామీ తర్వాతి ఆలోచనల్లోంచి 2009లో పుట్టింది, థాయిలాండ్‌లో ఉంది, మాల్దీవులు, శ్రీలంక, సీషెల్స్ లాంటి దేశాలకి ఇన్‌కాయిస్ అలల అంచనాలు దాని ద్వారా వెళ్తాయి. బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్‌స్టెక్ వాతావరణ కేంద్రం నోయిడాలో ఉంది. హిందూ మహాసముద్ర పరిశీలనల కూటమి ఐఓగూస్ 2002లో వచ్చింది, సచివాలయం ఇన్‌కాయిస్‌లోనే. దక్షిణాసియా దేశాల వాతావరణ నిపుణులు కూర్చుని రాబోయే రుతుపవనాల మీద ఉమ్మడి అంచనా ఇచ్చే వేదిక సాస్కాఫ్, 2010లో పుణెలో మొదలైంది.

అడ్డంకులు రాయకపోతే జవాబు ప్రభుత్వ ప్రకటనలా ఉంటుంది. సోమాలియా సముద్రపు దొంగల భయంతో పశ్చిమ హిందూ మహాసముద్రంలో బోయ్‌లు పెట్టడం ఏళ్ళ తరబడి వెనకబడింది. బోయ్‌ల చుట్టూ చేపలు చేరతాయి కాబట్టి పడవలు వాటికి కట్టేసుకోవడం, పరికరాలు పాడవడం ఉంది. ఐరాస సముద్ర చట్టం 246వ అధికరణం ప్రకారం మరో దేశపు ప్రత్యేక ఆర్థిక మండలంలో, అంటే ఆ దేశానికి వనరుల మీద హక్కులున్న తీరం వెంబడి సముద్రంలో, పరిశోధనకి ఆ దేశం అనుమతి కావాలి, భద్రతా కారణాలతో అది ఆలస్యమవుతుంది. చిన్న ద్వీపదేశాల దగ్గర ఓడలు లేవు. పరిష్కారం రాసేటప్పుడు శిక్షణ గురించి రాయండి, ఇన్‌కాయిస్‌లో ఇతర దేశాల వాళ్ళకి సముద్ర శాస్త్రంలో శిక్షణ ఇచ్చే కేంద్రమే ఉంది.

ఒక మాక్ ఇంటర్వ్యూలో నన్ను సముద్రం లేని హైదరాబాద్‌లో సముద్ర కేంద్రం ఎందుకన్నారు. కొలతలు తీరం మీదుగా నడిచి రావు సార్, ఉపగ్రహాల ద్వారా వస్తాయి, పైగా ఉపగ్రహ చిత్రాలకి ఎన్‌ఆర్‌ఎస్‌సీ, భూకంపాలకి ఎన్‌జీఆర్‌ఐ ఉన్న ఊరిది అని చెప్పాను. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్ళేవాళ్ళని ఇది అడిగే అవకాశం ఉంది, మీ మాటల్లో ఒకటి సిద్ధం చేసుకోండి.

నోట్స్ ఎప్పుడు తాజా చేసుకోవాలంటే, ఐఎండీ మొదటి అంచనా ఏప్రిల్ మధ్యలో, సాస్కాఫ్ ప్రకటన దాదాపు ఏప్రిల్ చివర్లో, ఐఎండీ రెండో అంచనా మే చివర్లో వస్తాయి. ఎల్‌నినో, ఐఓడీల మీద ఒక్కో ప్రకటన ఏమందో ఒకే పేజీలో తేదీలవారీగా రాసుకోండి, సెప్టెంబరు 30న సీజన్ ముగిశాక అసలు వాన ఎంత పడిందో అదే పేజీ కింద చేర్చండి. ప్రిలిమ్స్ దగ్గర పడ్డాక మే చివరి అంచనా చదివే తీరిక దొరకకపోవచ్చు, అప్పుడు మొదటి రెండూ చూసుకుంటే చాలు.