ఫోన్ అద్దం పగిలింది: నా అనుభవం

స్కూటీ మీంచి ఫోన్ జారి పడింది. అద్దమంతా బీటలు. కానీ టచ్ పనిచేస్తోంది, గీతలూ నల్ల మచ్చలూ లేవు. అంటే పోయింది పైఅద్దమే, లోపలి డిస్‌ప్లే కాదు.

ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌కే వెళ్లాను. టోకెన్, కుర్చీ, పిలుపు. కౌంటర్‌లో కుర్రాడు ఫోన్‌ను అటూ ఇటూ తిప్పి, "డిస్‌ప్లే మొత్తం మార్చాలి. పదివేలు, జీఎస్టీ అదనం" అన్నాడు. 11,800 అన్నమాట. అద్దం ఒక్కటే మార్చరా అంటే, అలా కుదరదట. డేటా పోతే తమ బాధ్యత కాదని రాసిన కాగితం ముందుకు తోశాడు. సరే, అదైనా పర్లేదు. స్క్రీన్ లాక్ ప్యాటర్న్ కూడా ఆ కాగితం మీదే గీసివ్వాలట! బ్యాంకు యాప్‌లు, ఇంటి ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. గీయనన్నాను. దాంతో వెనకవాళ్లందరికీ వినపడేలా, "మేడమ్, ఈ ఫోన్ అమ్మినా పదివేలు రావు. ఈఎంఐలో కొత్తది తీసుకోండి" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని, నా డబ్బు లెక్క నాకు ఇతను చెప్పాలా? పైగా తనిఖీ ఛార్జీ కట్టించుకున్నాకే ఫోన్ చేతికిచ్చాడు. బిల్లు అడిగితే సిస్టమ్ డౌన్ అన్నాడు.

అక్కణ్ణుంచి హైదరాబాద్ ఆబిడ్స్‌లోని ఫోన్ల బజారు, జగదీశ్ మార్కెట్‌కి వెళ్లాను. ఒక షాపతను ఫస్ట్ కాపీ డిస్‌ప్లే వేస్తా, అచ్చం ఒరిజినలే అన్నాడు. వేలిముద్ర పనిచేస్తుందా అంటే నీళ్లు నమిలాడు. నాది అమోలెడ్ రకం స్క్రీన్, వేలిముద్ర సెన్సర్ దాని కిందే ఉంటుంది. చవక ఎల్‌సీడీ కాపీ వేస్తే ఇక అది పనిచేయదు. బేరానికి ముందు ఈ ప్రశ్న అడగండి.

పక్క షాపులో గ్లాస్ చేంజ్‌కి 1,800 చెప్పారు, 1,500కి దించాను. విడదీసేటప్పుడు డిస్‌ప్లే పోతే తమ పూచీ లేదని ముందే చెప్పారు. వేడి ప్లేటు మీద పెట్టి, సన్నటి తీగతో అద్దం వేరుచేసి, జిగురు తుడిచి, ఓసీఏ షీటుతో, అంటే పారదర్శకమైన జిగురు పొరతో, కొత్తది అతికించారు. స్టూల్ వేసుకుని పక్కనే కూర్చున్నాను. వేలిముద్ర భేషుగ్గా పనిచేస్తోంది.

వంపు అంచుల ఫోన్లకు ఇందులో రిస్క్ ఎక్కువ. ఒకసారి విప్పాక నీటి రక్షణ మునుపటంత ఉంటుందని నమ్మకండి. శాంసంగ్ ఫోన్ అయి, అందులో మెయింటెనెన్స్ మోడ్ ఉంటే అది ఆన్ చేసి ఇవ్వండి, మీ ఫొటోలు వాళ్లకు కనబడవు.

బిల్లివ్వని ఆ తనిఖీ ఛార్జీ మీద 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేశాను. ఆ ఈఎంఐ సలహాలేవో ఇక వాళ్లకే చెప్పుకోనీ.