పాత కంప్యూటర్, తెలుగు పుటలు, నా బల్ల మీది సాఫ్ట్‌వేర్

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి దగ్గరలో నేను డీటీపీ పని చేస్తాను. నా దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది పరిశోధక విద్యార్థులు. వారి సిద్ధాంత గ్రంథాలను టైపు చేసి, పుటలు కూర్చి, బైండింగుకు సిద్ధం చేసి ఇవ్వడం నా పని. ఈ పనంతా 2016లో కొన్న ఒకే కంప్యూటర్ మీద సాగుతోంది. విండోస్ 10కు మామూలుగా అందే భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11కు అర్హమైన ప్రాసెసర్ల జాబితాలో నా ఆరో తరం ఐ3 లేదు. నమోదు చేసుకుంటే మరో ఏడాది అప్‌డేట్లు పొందే వీలున్నా, ఏడాది తరువాత మళ్లీ ఇదే ప్రశ్న ఎదురవుతుందని తలచి, విండోస్‌కు బదులుగా వాడుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, 2029 వరకు అప్‌డేట్లు అందే లినక్స్ మింట్ 22కు మారాను.

మారాలనుకునేవారు ముందుగా మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడాలని నా సలహా. అలా నడిపినప్పుడు, ఇన్‌స్టాల్ చేయమని మనం చెప్పనంత వరకు, హార్డ్ డిస్క్‌లోని పాత వ్యవస్థ అలాగే ఉంటుంది. నేను నాలుగు సాయంత్రాలు ప్రింటరును, స్కానరును, తెలుగు కీబోర్డును ఈ విధంగానే పరీక్షించాను. కీబోర్డు విషయంలో నాకు ఇబ్బందే కలగలేదు. ఇన్‌స్క్రిప్ట్ ప్రభుత్వం ప్రమాణంగా నిర్ణయించిన అమరిక కావడం వల్ల, అచ్చులు ఎడమ చేతి కింద, హల్లులు కుడి చేతి కింద, విండోస్‌లో ఉన్నట్లే ఇక్కడా ఉన్నాయి. కొత్తగా తెలుగు టైపింగు నేర్చుకునేవారికి ఇంగ్లీషు స్పెల్లింగు మీద ఆధారపడే పద్ధతి తొలి వారంలో తేలికగా అనిపిస్తుంది గాని, రోజుకు ఇరవై పుటలు కొట్టవలసినవారికి ఇన్‌స్క్రిప్టే చేతికి సుఖం.

నా సమయంలో అధిక భాగం పుటలు టైపు చేసి కూర్చే సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రేఆఫీస్ రైటర్‌తోనే గడుస్తుంది. 2010లో ఓపెన్‌ఆఫీస్ నుంచి వేరుపడి వచ్చిన ఈ సాఫ్ట్‌వేర్‌లో నేను అన్నింటికన్నా ఎక్కువగా ఆధారపడేది స్టైల్స్ మీద, అంటే అక్షరాల పరిమాణం, మందం వంటివాటిని ఒక పేరు కింద దాచిపెట్టే ఏర్పాటు మీద. విద్యార్థులు తెచ్చే ఫైళ్లలో ప్రతి శీర్షికనూ విడివిడిగా ఎంచి, అక్షరాలు పెద్దవి చేసి, బోల్డ్ పెట్టి ఉంటారు. పర్యవేక్షకులు శీర్షికల పరిమాణం మార్చమంటే, మూడు వందల పుటలలోనూ ఒక్కొక్క శీర్షికనూ వెతికి దిద్దవలసి వస్తుంది. ఎఫ్11 నొక్కి స్టైల్స్ పట్టీ తెరిచి, ప్రతి శీర్షికకు హెడింగ్ స్టైల్ ఇచ్చి ఉంటే, ఆ స్టైల్‌ను ఒక్కచోట మార్చితే చాలు. విషయసూచిక కూడా ఆ హెడింగుల నుంచే తయారవుతుంది. ఎఫ్5 నొక్కితే వచ్చే నావిగేటర్‌లో అధ్యాయం పేరును పట్టుకుని పైకో కిందికో జరిపితే, దాని కింది పాఠమంతా వెంట కదులుతుంది. మూడో అధ్యాయం రెండోది కావాలని చివరి వారంలో చెప్పిన సందర్భాలలో ఈ సౌకర్యం నన్ను ఎన్నోసార్లు ఆదుకుంది.

తెలుగులో పనిచేసేవారు తప్పక తెలుసుకోవలసినది మరొకటి ఉంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో పొల్లు విడిగా నిలబడాలంటే, దాని తరువాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉండాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే ‘వ’ తనకు ముందున్న అక్షరాలకు వత్తుగా చేరిపోతుంది. ఒకే గ్రంథంలో కొన్నిచోట్ల ఆ గుర్తు ఉండి, కొన్నిచోట్ల లేకపోతే కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు కనుక, పదసూచిక చెడుతుంది, వెతుకులాటలో సగం మాటలు తప్పిపోతాయి. రైటర్‌లో 200సి అని, ఆ చివరి అక్షరాన్ని ఇంగ్లీషులో కొట్టి, వెంటనే ఆల్ట్, ఎక్స్ మీటలను కలిపి నొక్కితే ఆ గుర్తు చేరుతుంది. ఏ ఫైలు వచ్చినా, మొదట కంట్రోల్, హెచ్ నొక్కి, ఇలాంటి మాటలన్నింటినీ ఒకే రూపానికి తెచ్చిన తరువాతే నేను పుటల కూర్పు మొదలుపెడతాను.

ఒకసారి కాపీ చేసిన మాటలను మళ్లీ మళ్లీ వాడుకోవడానికి మింట్‌లో కాపీక్యూ ఉంచుకున్నాను. విండోస్‌లో ఉన్నవారు వేరే సాఫ్ట్‌వేర్ వెతకనవసరం లేదు. విండోస్ మీటతో పాటు వి నొక్కితే, ఇటీవల కాపీ చేసిన ఇరవై అయిదు అంశాల వరకు అక్కడే దొరుకుతాయి.

అప్‌డేట్ల విషయంలో నేను ఒక నియమం పాటిస్తున్నాను. బ్రౌజరుకు, భద్రతకు సంబంధించినవి వచ్చిన రోజే వేసుకుంటాను. మిగిలినవి, ముఖ్యంగా రైటర్ కొత్త వెర్షన్, చేతిలోని గ్రంథం సమర్పణ పూర్తయ్యేవరకు ముట్టుకోను, ఎందుకంటే వరుసల విరుపు కొద్దిగా మారినా పుట సంఖ్యలన్నీ జరిగిపోవచ్చు. పెద్ద అప్‌డేట్‌కు ముందు టైమ్‌షిఫ్ట్‌తో వ్యవస్థ స్థితిని భద్రపరుస్తాను. అది కాపాడేది వ్యవస్థను మాత్రమేనని, మన సొంత ఫైళ్లను మామూలుగా దాచదని గుర్తుంచుకోవాలి.

ఆ ఫైళ్ల విలువ నాకు 2021 నవంబరులో తెలిసింది. తిరుపతిని ముంచెత్తిన ఆ వానలకు మా వీధిలోని నీరు ఇంట్లోకి వచ్చి, నేల మీద ఉంచిన సీపీయూ తడిసి, లోపలి హార్డ్ డిస్క్ పనికిరాకుండా పోయింది. ఒక విద్యార్థిని ఏడాది పాటు సేకరించి ఇచ్చిన జానపద గేయాల పాఠం అందులోనే ఉండేది. ఆమె రాతప్రతులు దాచుకుని ఉండడం వల్ల ఇద్దరం కూర్చుని రెండు నెలలపాటు మళ్లీ టైపు చేశాము. ఆనాటి నుంచి సీపీయూ బల్ల మీదకు చేరింది. రైటర్‌లో రెండు నిమిషాలకు ఒకసారి ఆటోరికవరీ జరిగేలా, అంటే చేస్తున్న పని దానంతటదే భద్రమయ్యేలా మార్చాను. ప్రతి శనివారం రాత్రి ఫ్రీఫైల్‌సింక్‌తో పని ఫోల్డరు మొత్తాన్ని బయటి డిస్క్‌లోకి నకలు తీస్తాను. అలాంటి డిస్కులు రెండున్నాయి. ఒకటి నా బీరువాలో ఉంటుంది, రెండోది చిత్తూరులో మా అక్కయ్య ఇంట్లో ఉంటుంది. నెలకు ఒకసారి అక్కయ్యను చూడడానికి వెళ్లినప్పుడు కొత్త నకలున్న డిస్కును అక్కడ ఉంచి, పాతదాన్ని వెంట తెచ్చుకుంటాను.