హెరాల్డ్ ట్యాంకులో రిజర్వు లీవర్ మళ్లీ పనిచేసింది (నా అనుభవం)

మా మావయ్య నుంచి నాకొచ్చిన బండి స్టాండర్డ్ హెరాల్డ్, అరవైల నాటిది. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్లు 1961 నుంచి తయారు చేశారు, అసలు బండి ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డ్. డిజైను చేసింది ఇటలీ ఆయన మికెలొట్టి. బోనెట్ మొత్తం మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తుంది కాబట్టి రోడ్డు మీద ఆపితే జనం అక్కడే మూగుతారు. డిక్కీ తెరిచి చూసేవాళ్లు మాత్రం ఉండరు. నాకు అసలు ముచ్చట అక్కడే ఉంది. పెట్రోలు ట్యాంకు డిక్కీలోనే ఒక పక్కన నిలబడి ఉంటుంది, దానికో చిన్న లీవర్. తిప్పితే లోపల పెట్రోలు లాగే పైపు కొస ఇంకాస్త కిందికి దిగి అడుగున మిగిలిన పెట్రోలు అందుకుంటుంది. చేతక్ స్కూటర్‌లో రిజర్వుకి తిప్పినట్టే, కాకపోతే ఇక్కడ దిగి వెనక్కి వెళ్లి డిక్కీ తెరవాలి.

నా బండిలో ఆ లీవర్ ఎప్పుడో బిగుసుకుపోయింది. ఎవరో దాని చుట్టూ ఎపాక్సీ ముద్ద పెట్టి, లీకు ఆగిందని సంతోషపడి వదిలేశారు. ట్యాంకు లోపల తుప్పు, పెట్రోలు ముల్లు ఎప్పుడూ సగం దగ్గరే. అంటే ఎంత ఉందో తెలీదు, అయిపోతే రిజర్వు లేదు. బెజవాడలో కృష్ణ మీది వారధి మీద ఆగిపోతే ఏంటి పరిస్థితి అని ప్రతిసారీ టెన్షనే.

ఆటోనగర్‌లో మెకానిక్‌లని అడిగితే దాదాపు అందరిదీ ఒకటే మాట. "ఎందుకండీ బాబూ ఈ గోల, ట్యాంకు తీసి పక్కన పడేసి అయిదు లీటర్ల క్యాన్ పెట్టేద్దాం, పైపు దాంట్లో దింపేద్దాం." పాత బండ్లకి ఇది మామూలే. డిక్కీలో మూత సరిగ్గా పట్టని ప్లాస్టిక్ క్యాను, మే నెల బెజవాడ ఎండ, ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకొకాయన మరో కారు ట్యాంకు కోసి అతుకుతానన్నాడు. చివరికి రేడియేటర్లు బాగుచేసే ఒక పెద్దాయన దొరికారు. లీవర్‌ని అటూ ఇటూ చూసి "ఇది తిరగాలి కదా అబ్బాయ్, ఎందుకు మూశారు" అన్నారు. ఇక వేరే చోట వెతకలేదు.

ఆయన మొదట పెట్టిన షరతు ట్యాంకు దగ్గరికి మంట తేవద్దని. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, లోపల పెట్రోలు ఆవిరి గాలితో కలిసి ఉంటుంది, చిన్న నిప్పు చాలు. అందుకని సబ్బు నీళ్లతో పదే పదే కడిగి, వేడి నీళ్లు నింపి వదిలి, మళ్లీ కడిగి, వాసన పూర్తిగా పోయాకే పని మొదలుపెట్టారు. చిల్లులకి గ్యాస్ వెల్డింగ్ కాదు, మాటు (సోల్డరింగ్). పెద్ద రాగి మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్‌ని ఆరుబయట దూరంగా పొయ్యిలో కాల్చి, తీసుకొచ్చి మాటు పెట్టారు. ఆ పాత ట్యాంకు రేకుకి సీసం, తగరం కలిసిన పూత ఉంటుంది కాబట్టి మాటు బాగానే పట్టింది.

తుప్పుకి వాడింది నిమ్మ ఉప్పు. కిరాణా కొట్టులో దొరికేదే. గోరువెచ్చని నీళ్లలో కలిపి, గుప్పెడు నట్లు ట్యాంకులో వేసి ఊపుతూ ఉంటే ఎర్రటి బురద దిగుతూనే ఉంది. ఎక్కువసేపు వదిలేస్తే పూత కూడా తినేస్తుందని మధ్యమధ్యలో లోపలికి టార్చి వేసి చూసేవాళ్లం. తర్వాత వంట సోడా నీళ్లు, మంచినీళ్లు, వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టడం. ఆ "వెంటనే" ముఖ్యం, తడి రేకు గంటలోనే మళ్లీ పసుపు రంగు తిరుగుతుంది. ఆరాక కొంచెం టూటీ ఆయిల్ (పాత స్కూటర్ల పెట్రోల్లో కలిపేది) కలిపిన పెట్రోలు పోసి అన్ని వైపులా తిప్పాం. లోపల ఎపాక్సీ కోటింగు వేయించమని చాలామంది చెప్పారు, నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, దానికి తట్టుకోని కోటింగు పొరలు పొరలుగా లేచి పైపులో ఇరుక్కుంటే మళ్లీ మొదటికొస్తాం.

లీవర్ దగ్గర అసలు కష్టం ఎపాక్సీ ఊడదీయడమే. కాల్చడానికి లేదు, సుత్తి వేస్తే పైపు వంగుతుంది. పెద్దాయన బ్లేడుతో గీకుతూ కూర్చున్నారు, మధ్యలో టీ, మళ్లీ గీకుడు. ఊడొచ్చాక చూస్తే లీవర్ ఇరుసు అరిగి ఉంది, సీలు ఎండిపోయి పొడి పొడిగా రాలింది. ఇరుసు కొలతలు తీసుకెళ్లి లేత్ మీద కొత్తది చేయించాం. సీలుకి మాత్రం పాతదే కావాలని పట్టుబట్టలేదు, ఇథనాల్‌కి తట్టుకునే రబ్బరు రింగు పెట్టించాను. పెట్రోలు గొట్టాలు కూడా అంతే. బండి ఎలా పనిచేసేదో అలాగే ఉండాలన్నది నా పట్టుదల, లోపలి రబ్బరు ఏ కాలందైనా నాకు ఒకటే. ఈ మాటంటే పాత కార్ల పిచ్చి ముదిరినవాళ్లు కొందరు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి.

ముల్లు సంగతి సరదాగా తేలింది. ట్యాంకులో తేలే ఇత్తడి బుడ్డికి కంటికి కనపడని చిల్లు, లోపలికి పెట్రోలు చేరి బరువెక్కి, కడ్డీ కూడా తుప్పుతో పట్టేసి సగం దగ్గర ఆగిపోయింది. వేడి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చిన చోటే చిల్లు. లోపలి పెట్రోలంతా బయటికి పోయేదాకా వేడి నీళ్లలోనే ఉంచి, ఆరబెట్టి, ఒక్క చుక్క మాటు వేశారు. ఎక్కువ వేస్తే ఆ బరువుకి ముల్లు మళ్లీ తప్పు చూపిస్తుందట. అన్నీ బిగించాక ముల్లు అసలు కదల్లేదు. కొత్తగా రంగు వేసిన ట్యాంకుకి ఎర్త్ అందడం లేదు! బిగింపు దగ్గర కాస్త రంగు గీకగానే కదిలింది.

పరీక్ష నేనే చేశాను. ట్యాంకులో కొంచెమే పెట్రోలు పోసి, కార్బురేటర్ దగ్గర పైపు విప్పి క్యానులో పెట్టి, ఇంజను పక్కనున్న పంపుకి చేత్తో కొట్టే చిన్న మీట ఉంటుంది, దాంతో గాలి వచ్చేదాకా కొట్టాను. ఆగిపోయింది. డిక్కీలో లీవర్ తిప్పి మళ్లీ కొడితే పెట్రోలు వచ్చింది. కొలిస్తే నాలుగు లీటర్లకి కాస్త అటూ ఇటూ, అంటే మంగళగిరి వెళ్లి రావడానికి ఎక్కువే.

ఒక్క జాగ్రత్త. రిజర్వు మీద బంకుకి వెళ్తే, పెట్రోలు పోయించగానే లీవర్ మామూలు చోటికి తిప్పాలి, లేకపోతే వచ్చేసారి ఆగినప్పుడు తిప్పడానికి ఏమీ మిగలదు. బంకులో డిక్కీ తెరిచి అదేదో తిప్పుతుంటే కుర్రాళ్లు "ఏంటి సార్ అది" అని అడుగుతున్నారు, చెప్పేలోపు వెనక బండి హారన్ కొడుతోంది.