ఎల్‌ఈడీ దీపాల కింద కూచిపూడి

వేదికపై వెలుగు చాలకపోవడమే ఒకప్పుడు నృత్య ప్రదర్శనలను ఫొటో తీసేవారికి పెద్ద సమస్య. ఇప్పటి కెమెరాలు 6400 ఐఎస్ఓ (కెమెరా వెలుగుకు ఎంత సున్నితంగా స్పందించాలో చెప్పే అంకె) దగ్గర కూడా పనికివచ్చే చిత్రాన్ని ఇస్తున్నందువల్ల ఆ ఇబ్బంది చాలావరకు తీరింది. దాని స్థానంలో రంగు సమస్య వచ్చి కూర్చుంది. హాలోజన్ దీపాల కాంతి పసుపు వైపు మొగ్గినా అందులో అన్ని రంగులూ ఉండేవి కనుక, తెలుపును తెలుపుగా చూపేందుకు కెమెరాలో చేసే సర్దుబాటును, అంటే వైట్ బ్యాలెన్స్‌ను, 3200 కెల్విన్ దగ్గర పెట్టుకుంటే నర్తకి మేనిఛాయ సహజంగానే వచ్చేది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీలను కూర్చిన పార్ దీపంలో (వేదికలపై వాడే ఒక రకం దీపం) నీలాన్ని మాత్రమే వెలిగించినప్పుడు, ఆ కాంతి అంతా 460 నానోమీటర్ల చుట్టుపక్కల ఒక ఇరుకైన పట్టీకే పరిమితమవుతుంది. అసలు లేని ఎరుపును ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చిపెట్టలేదు.

కూచిపూడికి దీనివల్ల కలిగే నష్టం ఎక్కువ. నర్తకి వేళ్ల కొసలకూ పాదాల అంచులకూ పెట్టుకునే పారాణి ఎర్రటి కాంతిలో చర్మంతో కలిసిపోయి కనిపించకుండా పోతుంది, నీలి కాంతిలో నల్లబడుతుంది. ఎర్ర పట్టుచీర కూడా నలుపుగానే నమోదవుతుంది, బంగారు జరీ మసిబారినట్లుంటుంది. పూర్వం భాగవతుల ప్రదర్శనల్లో పాత్ర ప్రవేశించే వేళ కాగడాలపై గుగ్గిలం చల్లి మంటను భగ్గుమనిపించేవారు. వెలుగు ఎంత నిలకడలేనిదైనా అది ఆహార్యంలోని, అంటే వేషధారణలోని, ఎరుపునూ బంగారాన్నీ చంపేది కాదు. ఈ విషయంలో మనం ముందుకు వెళ్లామని నేను అనుకోను.

కెమెరా ఇక్కడ రెండు విధాలుగా మోసపోతుంది. కాంతిని నమోదు చేసే సెన్సార్‌పై ప్రతి నాలుగు బిందువుల్లో రెండు ఆకుపచ్చకు, ఒక్కొక్కటి ఎరుపుకూ నీలానికీ కేటాయించి ఉంటాయి కాబట్టి, కేవలం నీలి కాంతిలో తీసిన చిత్రాన్ని ప్రధానంగా నాలుగో వంతు బిందువులే నిర్మిస్తాయి. రెండవది మరింత ప్రమాదకరం. చిత్రంలో వెలుగు ఎంత ఎక్కడ ఉందో చూపే గ్రాఫ్, అంటే మామూలు హిస్టోగ్రామ్, లెక్కలో ఆకుపచ్చకు ఎక్కువ, నీలానికి చాలా తక్కువ ప్రాధాన్యం ఉండడం వల్ల, గ్రాఫ్ క్షేమంగా కనిపిస్తూ ఉండగానే నీలం పూర్తిగా నిండిపోయి, బుగ్గల మీద ఏ వివరమూ లేని చదునైన మచ్చ మిగులుతుంది. అందుకే మూడు రంగులనూ విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌నే నమ్ముతాను, సెన్సార్ నమోదు చేసినదాన్ని కుదించకుండా ఉంచే రా ఫైల్‌లోనే తీస్తాను, రంగు గాఢంగా ఉన్నప్పుడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ వరకు, అంటే సగం దాకా, తగ్గిస్తాను.

ఇక ఈ దీపాల కింద తీసిన చిత్రంలో అడ్డంగా పడే చారల సంగతి. చాలా ఎల్‌ఈడీ దీపాలు వెలుగును తగ్గించడానికి సెకనుకు వందల సార్లు లేదా వేల సార్లు ఆరి వెలుగుతాయి. దీపం సెకనుకు 1000 సార్లు ఆరి వెలుగుతోందనుకుందాం. మెకానికల్ షట్టర్ తెర సెన్సార్‌ను దాటడానికి సుమారు 1/250 సెకను పడుతుంది కనుక చిత్రంలో 4 చారలు పడే అవకాశం ఉంది. సెన్సార్‌ను వరుసవరుసగా చదవడానికి 1/30 సెకను తీసుకునే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో అవి 30 దాటుతాయి. మూడు రంగులూ ఒకే లయలో ఆరి వెలగకపోతే చారలు కూడా రంగురంగులుగా ఉంటాయి. ట్యూబులైట్ల కోసం కెమెరాలో ఇచ్చిన సాధారణ ఫ్లికర్ నివారణ మన 50 హెర్ట్జ్ కరెంటు వల్ల కలిగే 100 హెర్ట్జ్ మినుకును పట్టుకోగలదే కాని, దీన్ని పట్టుకోలేదు. షట్టర్ స్పీడ్‌ను అతి సూక్ష్మంగా మార్చుకునే వీలున్న కొత్త కెమెరాల్లో, తెరపై చారలు మాయమయ్యే వరకు ఆ అంకెను జరుపుకోవచ్చు.

ఆ సదుపాయం లేనివారికి నేను చెప్పేది మెకానికల్ షట్టర్‌తో 1/200 సెకను దగ్గర ఉండమనే. అది నృత్యానికి చాలదని కొందరంటారు. జతి (అడుగులతో నడిచే లయబద్ధమైన భాగం) నడుస్తున్నంతసేపూ చాలదు, నిజమే. కాని తీర్మానం, అంటే జతి ముగింపు, పూర్తయి మృదంగం చివరి దెబ్బ పడగానే నర్తకి ఒక భంగిమలో నిలుస్తుంది, ఆ నిలకడకు 1/200 ధారాళంగా సరిపోతుంది. పళ్లెం అంచుపై నిలిచి ఆడే తరంగం అంశంలో ఇత్తడి పళ్లెం అంచుపై కదిలే పాదాలు ఈ వేగానికి కాస్త చెదరడం నాకు ఇష్టమే, ముఖం స్పష్టంగా ఉన్నంతవరకు.

అన్నిటికన్నా ఫలితమిచ్చేది ప్రదర్శనకు ముందు లైటింగ్ ఆపరేటర్‌తో మాట్లాడడం. ముందునుంచి పడే వెలుగు తెలుపుగానో లేత పసుపుగానో ఉంచి, గాఢమైన రంగులను వెనుకకూ పక్కలకూ పరిమితం చేయమని, వెనుక ఎల్‌ఈడీ తెర ఉంటే దాని ప్రకాశాన్ని తగ్గించమని అడుగుతాను. పల్లవికో రంగు, చరణానికో రంగు మార్చడం గొప్ప అని భావించే నిర్వాహకులు కూడా, సత్యభామ అభినయం చేసేటప్పుడు ముఖం కనబడాలి కదా అంటే సాధారణంగా ఒప్పుకుంటారు.

ఒప్పుకోని చోట నలుపు తెలుపే గతి. ఎర్రటి కాంతిలో తీసినవి అందుకు బాగా నప్పుతాయి, చర్మం నునుపుగా వస్తుంది. నీలి కాంతిలో తీసినవి మాత్రం ముఖంపై ప్రతి మచ్చనూ, మేకప్ అతుకునూ ఎత్తిచూపుతాయి కనుక, వాటిని నర్తకికి పంపే ముందు చాలావరకు తీసేస్తాను.