మామిడి చెక్కతో మా ఇంటి ఉకులేలే

కడపలో మా నాయన తలుపులు, మంచాలు చేసే వడ్రంగి. మా పాప నేర్చుకునే ఉకులేలేను, అదే గిటార్‌లాంటి బుల్లి నాలుగు తీగల వాద్యాన్ని, ఒకరోజు తిప్పి చూసి, "ఇదేముంది, మనమే చేద్దాం" అన్నాడు. 1879లో పోర్చుగల్ వాళ్ళ మదీరా దీవి నుంచి ఓడెక్కి హవాయికి వచ్చిన ముగ్గురు వడ్రంగుల చేతి పనే ఇదని పాప చదివి చెప్పాక ఇక ఆయన్ని ఆపేవాళ్ళు లేరు.

విన్న ప్రతివాళ్ళూ "కడపలో ఉండి ఎర్రచందనం వాడరా?" అన్నారు. జపాన్‌లో దాంతో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం చేస్తారు, నిజమే. ఇక్కడ అటవీ శాఖ కాగితం లేకుండా ఆ చెక్క ఇంట్లో దొరికితే మనకే వాయిస్తారు. హవాయిలో మామిడి చెక్కతోనూ ఉకులేలేలు చేస్తారు. మామిడికి మనకేం కొదవ?

కోత మిల్లులో బాగా ఆరిన పలక దొరికింది. తమ్ముడు చిత్రిక పట్టి పట్టి రెండు మిల్లీమీటర్లకు తెచ్చాడు. మన ఎండకు మెలి తిరక్కుండా మంచం కింద ఇటుకల బరువు పెట్టి ఉంచాం.

పక్క పలకలు వంచడం నాయనకూ కొత్తే. ఇనప పైపును నీటి చుక్క చిందులేసేంత వేడి చేసి, తడిపిన పలకను ఆనించి మెల్లగా నొక్కాలి. మొదటిది నడుము దగ్గర టప్పున విరిగింది. పలక తనంతట తాను లొంగేదాకా ఆగాలని నాయన తర్వాతి దానికి పట్టేశాడు. లోపలి అంచుకు గాట్లు పెట్టిన సన్న పట్టీ అంటించడానికి అంత చిన్న క్లాంపులు లేక అమ్మ బట్టల క్లిప్పులన్నీ లాక్కున్నాం. ఫెవికాల్ ఆరేదాకా మిద్దెమీద చీరలు ఎగిరాయి, కింద మాకు తిట్లు పడ్డాయి.

అసలు టెన్షన్ మెట్ల దగ్గరే, అంటే స్వరాల కోసం తీగల కింద అడ్డంగా ఉండే సన్న కడ్డీల దగ్గర. వీణ మెట్లు మైనంలో ఉంటాయి, సరిచేసుకోవచ్చు. దీనికి గాడి కోసి మెట్టు దిగగొట్టాక జరపడం ఉండదు. మాది కాన్సర్ట్ అనే మధ్యస్థ సైజు, తీగ పొడవు 380 మిల్లీమీటర్లు. మెట్ల లెక్కకు వాడే సంఖ్య 17.817. పొడవును దాంతో భాగిస్తే మొదటి మెట్టు తీగ పై కొన నుంచి 21.33 మిల్లీమీటర్ల దగ్గర. మిగిలిన పొడవును మళ్ళీ అదే సంఖ్యతో భాగిస్తే రెండోది. అలా పోతే పన్నెండోది సరిగ్గా సగంలో, 190 దగ్గర పడాలి. లెక్క పాపది, గీత నాది, కోత నాయనది. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలిస్తే వెంట్రుకవాసి తేడాలు కూడిపోతాయని అన్నీ పై కొన నుంచే కొలిచాం. నొక్కినప్పుడు తీగ సాగి స్వరం కాస్త పెరుగుతుంది కాబట్టి బ్రిడ్జిని, అంటే తీగల కింది కొన ఆనే చెక్కను, రెండు మిల్లీమీటర్లు వెనక్కి అంటించాం.

కొత్త నైలాన్ తీగలు కొన్నాళ్ళు సాగుతూనే ఉంటాయి. నాలుగు తీగలనూ జీ, సీ, ఈ, ఏ అనే పాశ్చాత్య స్వరాలకు శ్రుతి చేసి పక్కన పెడితే కాసేపటికే దిగిపోయేవి. బిరడాలు వదులని నాయన వాటినే అనుమానించాడు. తీగలు కుదురుకున్నాక పన్నెండో మెట్టు దగ్గర నొక్కి మీటినా, ఊరికే తాకి మీటినా ఒకే స్వరం పలికింది. "ఇంకోటి చేద్దాం, పై పలక ఇంకా పల్చగా లాగి" అంటున్నాడు నాయన. చిత్రిక పట్టాల్సింది తనే కాబట్టి తమ్ముడు ఇంకా ఊఁ అనలేదు.