లేసు చిల్లులు పూడిపోకుండా ఫొటో వెనక గుడ్డ తీసేయడం

"ఇదేంటమ్మాయ్, చిల్లులన్నీ పూడిపోయాయి?"

ల్యాప్‌టాప్‌లో నేను చూపించిన ఫొటోకి మా అత్తయ్య అన్న మొదటి మాట ఇది. అప్పటిదాకా బాగానే వచ్చిందనుకున్నాను. గుండ్రటి టేబుల్ మ్యాట్, శుభ్రమైన అంచులు, వెనక దుప్పటి జాడే లేదు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని తెర మీద వేలు పెట్టి చూపించారు. బయటి వరసలో ఒక్కో గొలుసు అల్లిక కింద ఉండాల్సిన ఖాళీ, పాల మీద మీగడ కట్టినట్టు తెల్లగా మూసుకుపోయింది. మధ్యలో పైనాపిల్ డిజైను ఉన్నచోట అయితే అల్లికే లేదు, తెల్లటి బిళ్ళ ఉంది.

"మూడు రోజులు అల్లానే దీన్ని" అన్నారు. కోపంగా కాదు. కానీ ఆ మాట నాకు గుచ్చుకుంది.

మాది నరసాపురం దగ్గర పల్లె. ఈ చుట్టుపక్కల లేసు అల్లిక ఎన్ని తరాల నుంచి ఉందో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళ చేతుల్లో సూదీ, ఒళ్ళో దారపుండా ఉంటాయి. మా అత్తయ్యకి వాళ్ళమ్మ నేర్పింది. నాకు అల్లిక అంతగా పట్టుబడలేదు. అందుకే ఫొటోలు తీయడం, కొనేవాళ్ళతో మాట్లాడడం, లెక్కలు రాయడం నా వంతు. అత్తయ్యవీ, మా వీధిలో మరో నలుగురివీ మ్యాట్లు, కుషన్ కవర్లు, కాలర్లు నేనే ఫొటోలు తీసి పంపుతాను.

హైదరాబాద్‌లో మా దగ్గర తరచూ కొనే ఆవిడ ఒకరు, "వెనక ఏమీ లేకుండా పంపగలరా? మా టేబుళ్ళ ఫొటోల మీద పరిచి చూపించుకుంటాం" అని అడిగారు. ఫొటో ఎక్కిస్తే చాలు క్షణంలో వెనకదంతా తీసేస్తాం అనే ఉచిత సైట్ ఒకదాన్ని వాడాను. అత్తయ్య చూసింది ఆ ఫొటోనే. అలాంటి సైట్లు మనిషికో, కుర్చీకో, చెప్పుల జతకో బాగానే పనికొస్తాయి. వస్తువు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చూసి, దాని చుట్టూ గీత గీసి కత్తిరిస్తాయి. లేసుకి చుట్టూ ఒక్క గీత చాలదు. మ్యాట్ లోపల కొన్ని వందల చిల్లులుంటాయి, ప్రతి చిల్లుకీ ఒక అంచు ఉంటుంది. దారం అందరి దగ్గరా ఒకటే. ఏ చిల్లు ఎంత వెడల్పు ఉండాలో, ఎన్ని గొలుసులకి ఎక్కడ మలుపు తిప్పాలో, అదే అల్లే మనిషి పనితనం. ఫొటోలో అవి పూడిపోతే ఆవిడ పనే కనపడదు.

పైగా ఇంకో భయం కూడా ఉంది. కొత్త డిజైను అల్లితే అది బజారుకి వెళ్ళేదాకా మా వీధిలో ఎవరూ పెద్దగా చూపించరు. అలాంటిదాన్ని ఎక్కడో ఉన్న కంప్యూటర్‌కి పంపడం నాకు మొదటి నుంచీ ఇష్టం లేదు. మన ల్యాప్‌టాప్‌లోనే ఉండి, డబ్బు అడగని ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ కోసం చూస్తే గింప్ దొరికింది. 1995లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టారట. అప్పటి నుంచి ఎందరో కలిసి పెంచుతూ వస్తున్నారు. 2025 మార్చిలో 3.0 వెర్షన్ వచ్చింది. నా 4 జీబీ ల్యాప్‌టాప్‌లో 2.10 ఉంది, నాకు కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి.

మొదట అందరూ చెప్పే దారిలోనే వెళ్ళాను. ఫజీ సెలెక్ట్ అనే మంత్రదండం బొమ్మ తీసుకుని వెనక రంగు మీద నొక్కితే, దానికి ఆనుకుని ఉన్న అదే రంగంతా ఎంపికవుతుంది. కానీ చిల్లు లోపలి గుడ్డ బయటి గుడ్డకి ఆనుకుని ఉండదు కదా, మధ్యలో దారం ఉంది. ఒక్కో చిల్లునీ విడిగా నొక్కుతూ పోవాలి. నలభై దాకా నొక్కి వదిలేశాను. తర్వాత సెలెక్ట్ బై కలర్ దొరికింది. అది ఆనుకుని ఉందా లేదా అని చూడదు, ఫొటో మొత్తంలో ఆ రంగు ఎక్కడున్నా పట్టుకుంటుంది. ఒక్క నొక్కుకి చిల్లులన్నీ వచ్చేశాయి. సంబరపడ్డాను. దగ్గరికి జూమ్ చేసి చూస్తే దారాల అంచులు రంపపు పళ్ళలా ఉన్నాయి. నున్నగా ఉండాలని, అంచుని మసకబార్చే ఫెదర్ పెడితే, ఫొటోలో ఐదారు చుక్కల (పిక్సెళ్ళ) వెడల్పు కూడా లేని దారం సగం కరిగిపోయింది.

అప్పుడు అర్థమైంది. ఎంపిక చేసి తీసేయడమంటే బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటిది. ప్రతి చుక్కా అయితే బియ్యం, లేకపోతే రాయి. దారం అంచున ఉన్న చుక్క అలా ఉండదు. అందులో కొంత దారం రంగు, కొంత గుడ్డ రంగు కలిసిపోయి ఉంటాయి. దానికి కావలసింది ఏరడం కాదు, మజ్జిగలోంచి వెన్న తీసినట్టు ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం. గింప్‌లో ఆ పని చేసేది కలర్స్ మెనూలో ఉంటుంది. దాని పేరు కలర్ టు ఆల్ఫా. మనం ఒక రంగు చూపిస్తే, ప్రతి చుక్కలోంచీ ఆ రంగు వాటాని మాత్రమే తీసేసి, తీసినంత మేర ఆ చుక్కని పారదర్శకం చేస్తుంది. అంచు చుక్కల్లో దారం వాటా దారంగానే మిగులుతుంది. నూలు దారం మీద సన్నటి నూగు ఉంటుంది చూశారూ, అది కూడా పోదు.

అయితే ఇది పని చేయాలంటే ఫొటో తీసేటప్పుడే జాగ్రత్తపడాలి. సగానికి పైగా పని అక్కడే ఉందని నా నమ్మకం. తెల్ల లేసుని మీగడ రంగు దుప్పటి మీద పరిచి తీస్తే ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు. మొదట నల్ల నూలు జాకెట్టు గుడ్డ పరిచాను. కంటికి నల్లగా ఉన్నా ఫొటోలో దాని నేత, నలకలు అన్నీ తెల్లచుక్కలుగా పడ్డాయి. తర్వాత పాలకొల్లులో మీటరున్నర నల్ల వెల్వెట్ కొన్నాను. వెల్వెట్ వెలుతురుని మింగేస్తుంది, అందుకే ఫొటోలో నిజంగా నల్లగా పడుతుంది. దాని మీది నలకలు అట్టపెట్టెలకి అంటించే వెడల్పాటి టేపుతో అద్ది తీసేస్తాను.

ఆ తర్వాత వచ్చిన ఆలోచనతో పని ఇంకా తేలికైంది. పాత కిటికీ అద్దం పలక ఒకటి అటక మీద ఉంటే దింపి, రెండు పక్కలా ఇటుకలు పెట్టి దాని మీద లేసు పరిచాను. జానెడు కింద వెల్వెట్ ఉంటుంది. ఫోను లేసు మీద ఫోకస్ చేస్తుంది కాబట్టి కింద గుడ్డ మసకగా పోతుంది, మిగిలిన నలకలూ కనపడవు. దారం నీడ కూడా దారం పక్కనే పడకుండా ఎక్కడో దూరంగా పడుతుంది. ఒక్కటే ఇబ్బంది, అద్దంలో ఆకాశం కనపడుతుంది. అందుకని వసారా నీడలో, పొద్దున్న తొమ్మిదింటికి, అత్తయ్య నల్ల గొడుగు పట్టుకుంటే దాని కింద నించుని తీస్తాను. ఫ్లాష్ వద్దు. ఫోను నేలకి సమాంతరంగా ఉండాలి, ఏ మాత్రం వాలినా గుండ్రటి మ్యాట్ కోడిగుడ్డులా వస్తుంది. మూడు సెకన్ల టైమర్ పెట్టుకుంటే నొక్కినప్పుడు చేయి కదలదు.

ఇక గింప్‌లో. ఫొటో తెరిచి, కలర్ టు ఆల్ఫా తీసుకుంటే మొదట తెలుపు రంగు ఉంటుంది. దాని పక్కనున్న, కంట్లో చుక్కల మందు వేసే గొట్టం లాంటి బొమ్మ నొక్కి, వెల్వెట్ మీద నొక్కాలి. వెంటనే గుడ్డ పోయి బూడిద గళ్ళు కనపడతాయి. గళ్ళు అంటే అక్కడ ఏమీ లేదని. కానీ ఇక్కడితో ఆగితే లేసు తడిసినట్టు, వెలిసినట్టు ఉంటుంది. దారం పురిలో ఉన్న చిన్న చిన్న నీడల్లోంచి కూడా నలుపు తీసేస్తుంది కదా, దారం సగం గాజులా అయిపోతుంది. అక్కడే కింద రెండు జరిపే పట్టీలు ఉంటాయి. ట్రాన్స్‌పరెన్సీ థ్రెషోల్డ్ కొంచెం పెంచితే వెల్వెట్ తాలూకు మిగిలిన మసక పూర్తిగా పోతుంది. ఒపాసిటీ థ్రెషోల్డ్ తగ్గిస్తూ వస్తే దారం మళ్ళీ గట్టిపడుతుంది. నా ఫొటోలకి మొదటిది 0.15 దగ్గర, రెండోది 0.6 దగ్గర కుదురుతోంది. మీ వెలుతురికి వేరుగా ఉంటుంది, కళ్ళతో చూస్తూ జరుపుకోవాలి.

చూడడానికి గళ్ళని నమ్ముకోకండి. బూడిద గళ్ళ మీద తెల్ల లేసు ఎలా ఉన్నా బాగానే కనపడుతుంది. నేను లేసు కింద రెండు లేయర్లు, అంటే పొరలు, పెట్టుకుంటాను, ఒకటి పసుపు రంగుది, ఒకటి ముదురు మెరూన్‌ది. లేయర్ పక్కనున్న కన్ను బొమ్మ నొక్కి ఒకదాన్ని దాచి, ఇంకోటి తెరుస్తూ చూస్తాను. మిగిలిపోయిన నల్ల మసి పసుపు మీద దొరుకుతుంది. మిగిలిపోయిన నలకలు, గాజులా మారిన దారాలు మెరూన్ మీద దొరుకుతాయి. నలకలుంటే ఎరేజర్‌తో తుడిచేస్తాను.

రంగు దారాలకి నల్ల వెల్వెట్ పనికిరాదు. మెరూన్ దారంలోంచి నలుపు తీస్తే మిగిలేది గులాబీ ఛాయ గాజు. దారంలో లేని రంగు గుడ్డ వెయ్యాలి. మెరూన్‌కి నేను లేత ఆకుపచ్చ వేస్తున్నాను.

సంచులకి, కుషన్ కవర్లకి ఇంత అవసరం లేదు. లోపల లైనింగు గుడ్డ ఉంటుంది కాబట్టి చిల్లుల గొడవ లేదు. పాత్స్ టూల్‌తో చుట్టూ చుక్కలు పెట్టుకుంటూ వచ్చి, ఎంటర్ కొట్టి, ఎంపికని తిరగేసి డిలీట్ కొడితే అయిపోతుంది. దానికి ముందు లేయర్ మీద మౌస్ కుడి బటన్ నొక్కి యాడ్ ఆల్ఫా ఛానల్ అనడం మరిచిపోకండి. అది లేకపోతే డిలీట్ చేసిన చోట ఖాళీ రాదు, రంగు వచ్చి కూర్చుంటుంది. నాకు ఒక సాయంత్రమంతా దాంతోనే గడిచిపోయింది.

భద్రపరచడం రెండు రకాలుగా చేస్తాను. సేవ్ చేస్తే ఎక్స్‌సీఎఫ్ ఫైలు వస్తుంది, లేయర్లన్నీ విడివిడిగా ఉంటాయి కాబట్టి అది మన దగ్గరే పెట్టుకోవాలి. కొనేవాళ్ళకి పంపేది ఎక్స్‌పోర్ట్ చేసిన పీఎన్‌జీ. రంగు లేయర్ల కన్ను మూసేశాకే ఎక్స్‌పోర్ట్ చేయాలి. జేపెగ్‌లో పారదర్శకత ఉండదు, ఇంత కష్టపడి తెరిచిన చిల్లులు మళ్ళీ మూసుకుపోతాయి. ఫోనులో చాట్ ద్వారా పంపేటప్పుడు కూడా మామూలు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే దారిలో జేపెగ్ అయిపోతుంది.

ఆ పైనాపిల్ మ్యాట్‌నే మళ్ళీ అద్దం మీద పరిచి, మొదటి నుంచీ చేశాను. హైదరాబాద్ ఆవిడ దాన్ని టేకు బల్ల ఫొటో మీద పరిచి తిరిగి పంపారు. చిల్లుల్లోంచి టేకు గీతలు కనపడుతున్నాయి. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి అరుగు మీద అత్తయ్య పక్కన పెట్టాను. ఆవిడ ఏమీ అనలేదు. పెద్దది చెయ్యమన్నారు. ఇంకా పెద్దది చెయ్యమన్నారు. బయటి వరస నుంచి లోపలికి, పెదవులు కదుపుతూ గొలుసులు లెక్కపెట్టుకుంటూ వచ్చారు. పక్కింటి పిన్ని కూడా తన సూది ఒళ్ళో పెట్టి వంగి చూసింది.

నాలుగో పైనాపిల్ దగ్గర ఆగారు.

"ఇక్కడ అతుకు వదులైంది, చూడు."

నేను చూశాను. మిగతా అతుకులన్నీ చిన్న గింజలా బిగుసుకుని ఉంటే అది ఒక్కటీ కాస్త సాగి ఉంది. మ్యాట్ చేతిలో పెట్టుకుని చూసినా నాకు తెలిసేది కాదు. ఆవిడకీ తెలియలేదు, లేకపోతే అలా వదిలేవారు కాదు.

"కంటికి ఆనలేదమ్మాయ్. ఇందులో బాగా తెలుస్తోంది" అంటూ లోపలికెళ్ళి మ్యాట్ తెచ్చి, సూది మొనతో ఆ అతుకు విప్పారు. "దీన్ని సరిచేసి ఇస్తాను. మళ్ళీ తియ్యి."

గొడుగు తెమ్మని పిల్లాణ్ణి పంపి, నేను అద్దం తుడవడానికి లేచాను.