చిన్నప్పటి భయం, ఎనిమిదో నెల బీపీ

నేను కడుపుతో ఉన్నప్పుడు అందరూ అన్నీ అడిగారు. నెల ఎప్పుడు తప్పింది, రక్తం ఎంతుంది, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని. చిన్నప్పుడు నీకు ఎట్లా గడిచిందని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్న పాప పుట్టాక ఎదురైంది. ముందే ఎదురై ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మాది కళ్యాణదుర్గం దగ్గర ఊరు. వానను నమ్ముకున్న శనక్కాయ చేను. నాయన వేయించిన బోర్లలో నీళ్లు పడలేదు, అప్పులు మిగిలాయి, తాగుడు మొదలైంది. రాత్రి గొళ్ళెం చప్పుడైతే అమ్మ నన్ను గాదె వెనక్కి తోసి తను ఎదురు పోయేది. తర్వాత అమ్మ బెంగళూరుకు బిల్డింగు పనికి పోయింది, నేను బంధువులింట్లో పెరిగాను. అక్కడ అందరూ తిన్నాకే నాకు తిండి. కొట్టడానికి కారణమేమీ అక్కర్లేదు.

పెళ్లయ్యాక మంచి మనుషుల మధ్యకే వచ్చాను. అయినా గొళ్ళెం కదిలితే గుండె దడదడలాడేది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మా వైపు ఆనవాయితీ. "ఎప్పుడు పోతావమ్మా?" అని ఎవరైనా అడిగిన రాత్రి కంటిమీద కునుకుండేది కాదు. మా అత్త కనిపెట్టి, "యాడికీ పోవద్దులే బిడ్డా, ఈడనే చేసుకుందాం" అంది. ఎందుకని అడగలేదు. ఆ మేలు మరచిపోలేను.

ఎనిమిదో నెలలో కాళ్లూ ముఖమూ వాచాయి. తల పగిలిపోయే నొప్పి, కళ్ల ముందు మెరుపులు. ఆశా అక్క బీపీ చూపిస్తే 160/110. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. 108లో అనంతపురం పెద్దాసుపత్రికి చేర్చారు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చారు, ఒళ్లంతా ఆవిర్లు వచ్చాయి. బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా ఎదగడానికి డెక్సామెథాసోన్ సూదులు వేశారు. బీపీ దిగలేదు, ఆపరేషన్ చేశారు. పాప బరువు 1,650 గ్రాములు. రెండున్నర కిలోలు లేకుంటేనే తక్కువ బరువంటారు.

పాపను నవజాత శిశువుల వార్డులో పెట్టారు. నాకు బీపీ తగ్గుతున్నా నిద్ర పట్టలేదు, చేతులు వణికేవి, పాలు సరిగా పడలేదు. పాపను ముట్టుకుంటే ఏదైనా అవుతుందని భయం. ఒక డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని, "చిన్నప్పుడు ఇంట్లో భయంగా ఉండేదా తల్లీ?" అంది. ఏడుపు ఆగలేదు. చాలాసేపు ఆమె లేవలేదు.

ఆమె చెప్పింది ఇది. ఏళ్ల తరబడి భయంలో పెరిగిన పిల్లల ఒంట్లో ఒత్తిడిలో ఊరే కార్టిసాల్ లాంటి హార్మోన్ల లెక్క మారుతుంది. ఆపద పోయినా ఒళ్లు కాపలా దించదు. కడుపులో బిడ్డకు ఆ కార్టిసాల్ ఎక్కువగా చేరకుండా మాయలో ఒక ఎంజైమ్ అడ్డుపడుతుంది. తల్లికి ఒత్తిడి ఎడతెగకపోతే ఆ అడ్డు బలహీనపడవచ్చు. అలాంటి తల్లుల్లో నెలలు నిండకముందే కాన్పు కావడం, బరువు తక్కువ బిడ్డ పుట్టడం, కాన్పు తర్వాత దిగులు కమ్ముకోవడం ఎక్కువ. "నీ బీపీ దీనివల్లే అనను. మొదటి కాన్పుకే ఈ ముప్పు ఎక్కువ. కానీ ఇదీ చూడాల్సిన విషయమే" అంది.

తర్వాత నేనూ చదివాను. 1998లో అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ అండా బృందం చిన్ననాటి కష్టాలకూ పెద్దయ్యాక వచ్చే గుండెజబ్బులకూ దిగులుకూ ఉన్న సంబంధాన్ని ప్రచురించింది. వాళ్లు లెక్కలోకి తీసుకున్న కష్టాల్లో తల్లి దెబ్బలు తినడం కూడా ఉంది. అది చదివి పుస్తకం మూసి కాసేపు బయట నడిచాను. మా గాదె వెనకాల సంగతి ఎక్కడో ఎవరో లెక్కపెట్టారు.

కోలుకోవడం పాపను గుండెలమీద వేసుకోవడంతో మొదలైంది. కంగారూ పద్ధతి అంటారు, 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో పుట్టింది. డైపరూ టోపీ తప్ప బట్టల్లేని బిడ్డను చర్మానికి చర్మం తగిలేలా కట్టుకోవాలి. పాప ఊపిరి కుదురుకునేకొద్దీ నా గుండె దడా తగ్గింది. పిండిన పాలు ఉగ్గుగిన్నెతో పట్టేదాన్ని. నేను అలసిపోతే మా ఆయన చొక్కా విప్పి పాపను కట్టుకుని గంటల తరబడి కూర్చునేవాడు. మగవాడు ఒక బిడ్డ కోసం కదలకుండా కూర్చోవడం నేను మొదటిసారి చూడడం అదే.

దిగులుకు పాలిచ్చే తల్లులకు తగిన మందు ఇచ్చారు, కౌన్సెలింగుకు పంపారు. మాటలు రావడానికి నెలలు పట్టింది. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారని అక్కడే తెలిసింది.

పాప ఇప్పుడు అంగన్‌వాడీకి పోతోంది. గర్భిణుల కార్డు మీద బరువూ రక్తమూ రాసినట్టే చిన్నప్పటి సంగతి కూడా నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలని ఆశా అక్కతో ఎప్పుడూ అంటుంటాను. అడిగితే సరిపోదు, ఆదుకునే మనిషి కూడా ఉండాలి.

మొన్న పండక్కి అమ్మ వస్తే ఇదంతా చెప్పాను. తనకు పద్నాలుగో ఏట పెళ్లయిందనీ, నాకు ముందు ఇద్దరు బిడ్డలు ఎనిమిదో నెలలోనే పుట్టి పోయారనీ అప్పుడు చెప్పింది. "అప్పుడు గాలి సోకిందన్నారు" అంది. మరుసటి రోజు కళ్యాణదుర్గం తీసుకెళ్లి చూపిస్తే అమ్మకూ బీపీ ఎక్కువే ఉంది. మాత్రలు మొదలుపెట్టారు. ఈసారి బెంగళూరుకు పోనివ్వలేదు, మా ఇంట్లోనే ఉంది.